పెళ్లి కాని పిల్లకు ఒడిబియ్యం

"తాళం నువ్వే తియ్యి," అంది యాదలక్ష్మి. "తీసినంక లోపలికి పోకు. గడప కాడనే నిలబడు."

బిందుమాధవి తాళం తీసి పక్కకు జరిగింది. కొత్తపేటలో మూడంతస్తుల ఇంటి డాబా మీద ఒకటే గది, దాని పక్కన బాత్‌రూమ్, ఒక నీళ్ల ట్యాంకు. ఆ గదిలో బిందుమాధవీ అరుణజ్యోతీ కలిసి అద్దెకు ఉంటున్నారు. బిందుమాధవి పది రోజుల కిందట భీమవరం వెళ్లి ఈ పొద్దున్నే ఎల్బీనగర్‌లో బస్సు దిగింది. అరుణజ్యోతి సోమవారం నుంచి కనిపించడం లేదు.

అరుణజ్యోతి తల్లి సైదమ్మ ట్యాంకు పక్కన నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. పోలీస్ స్టేషన్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆమె నిలబడే ఉంది.

స్టేషన్‌లో ఎస్సై భిక్షపతి అన్న మాట యాదలక్ష్మి చెవుల్లో ఇంకా తిరుగుతోంది. "నీ బిడ్డ ప్రేమకథలు రాస్తదట గదమ్మా. రాసీ రాసీ తనే ఒక కథల దూరింది. వారం ఆగు, పూలదండ ఏస్కొని వస్తది." పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. ఎస్సై అతన్ని ఆపలేదు. యాదలక్ష్మి ఆ నవ్వుకు జవాబు చెప్పబోతే సైదమ్మే ఆమె చెయ్యి పట్టి లాగింది.

బిడ్డను వెతికిపెట్టమని సైదమ్మ పిలుచుకొచ్చిన యాదలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. పేరుకు డిటెక్టివే గాని వచ్చేవన్నీ పెళ్లి కేసులు. సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్ల ఎలాంటిది, పిల్లాడు ఎలాంటివాడు, ఉద్యోగం నిజమేనా అని ఇరుపక్షాలవాళ్లూ చాటుగా వాకబు చేయించుకుంటారు. ఆ వాకబు ఆమె పని. పనిమంతురాలన్న పేరుంది. కోపం వస్తే నోరు ఆగదన్న పేరు కూడా ఉంది. ఈ వృత్తిలో ఆ రెండో పేరు మంచిది కాదు.

ఆమె గడప దాటి నిలబడి ముందు చుట్టూ చూసింది. రెండు మంచాలు. ఒక గోడ అలమారా, నాలుగు అరలు. పై రెండూ ఖాళీ. కింది రెండింటిలో బట్టలు మడత చెదరకుండా ఉన్నాయి.

"ఏ అర ఎవరిదమ్మా?"

"పై రెండూ నావండీ. కిందవి అరుణవి."

"నీ బట్టలన్నీ భీమవరం తీస్కపోయినవా?"

"లేదండీ. రెండు జతలే పట్టుకెళ్లాను. మిగతావన్నీ ఇక్కడే..." బిందుమాధవి గడప మీంచి లోపలికి వంగింది. అలమారా వంక చూసింది. "నా బట్టలేవండీ?"

"నేను గదే అడుగుతున్న. సూట్‌కేసు గూడ పోయిందని పోలీసోళ్లన్నరు. అది ఎవరిది?"

"అరుణదేనండీ. మంచం కింద ఉండేది."

"అరుణ సూట్‌కేసుల నీ బట్టలు పోయినయి. అరుణకు నీ బట్టలు పడ్తయా?"

బిందుమాధవి పొడగరి. తల అడ్డంగా ఊపింది. "అది నా భుజం దాకా వస్తుందండీ. ఒకసారి సరదాకి నా డ్రెస్సు వేసుకుంటే నేలంతా ఊడ్చుకుంటూ తిరిగింది. ఇద్దరం పడీపడీ నవ్వాం."

"పోలీసోళ్లు నిన్నేమడిగిన్రు?"

"ఫోన్ చేశారండీ. ఎవరితోనైనా లవ్ ఉందా అన్నారు. లేదన్నాను. నీకు చెప్పలేదేమోలే అని పెట్టేశారు."

"గంతేనా? గది చూస్తనని నిన్ను పిలువలేదా?"

"అంతేనండీ."

'బట్టలు సర్దుకుని ఇష్టపూర్వకంగా వెళ్లినట్లు తెలుస్తోంది' అని ఎస్సై రాసుకున్నాడు. ఇంటివాళ్ల దగ్గరున్న తాళంచెవితో గది తెరిపించి ఖాళీ అరలు చూశాడు. అవి ఎవరి అరలో కనుక్కోలేదు. సర్దినవాడికీ తెలియదు, చూసినవాడికీ తెలియదు. సర్దినవాడు చేతికి అందిన పై అరలు ఖాళీ చేసి తాళం వేసి పోయాడు.

యాదలక్ష్మి బాత్‌రూమ్ తలుపు నెట్టింది. వాసన గుప్పుమంది. బకెట్‌లో బట్టలు సబ్బునీళ్లలో నానబెట్టి ఉన్నాయి. నీళ్లు మురిగిపోయాయి. కిటికీ గూట్లో అరుణజ్యోతి బ్రష్షు, పక్కన థైరాయిడ్ మాత్రల అట్ట.

"ఈ గోలీలు రోజూ వేసుకుంటదా?"

"లేవగానే వేసుకుంటుందండీ. అవి లేకుండా ఊరికి కూడా వెళ్లదు."

సైదమ్మ ఎప్పుడు వచ్చిందో వెనక నిలబడి ఉంది. బకెట్‌లోకి వంగబోయింది. యాదలక్ష్మి ఆమెను ఆపింది. "ముట్టకక్కా. ఎట్లున్నది అట్లనే ఉండాలె."

"నా బిడ్డ బట్టలు పిండకుండ బడికి గూడ పోయేది కాదు చెల్లె," అంది సైదమ్మ. "లేచిపోయేది బట్టలెందుకు నానబెడ్తది? గా ఎస్సైకి ఇంట్ల ఆడోళ్లు లేరా?"

యాదలక్ష్మి బకెట్టునూ మాత్రలనూ అలమారానూ ఫోన్‌లో ఫోటోలు తీసింది.

పోలీసులు ఇదంతా పట్టించుకోకపోవడానికి కారణం అరుణజ్యోతి రాసే కథ. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో అడ్మిషన్ల కౌంటర్‌లో పని చేస్తుంది. సాయంత్రాలు ఫోన్‌లో కథలు రాసే యాప్‌లో ఫ్యాన్ ఫిక్షన్ రాస్తుంది. అంటే తనకు నచ్చిన పాత నవలను తీసుకుని తన ఊళ్లోకి దింపి తిరిగి రాయడం. ఆమె తీసుకున్నది రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు ప్రేమ నవల. గుర్రపు బండ్లు, నాట్యాల విందులు, మగవాడి ఆస్తి ఎంతో కనుక్కోకుండా నమస్కారం కూడా పెట్టని తల్లులు. అరుణజ్యోతి దాన్ని తెచ్చి కొత్తపేటలో పెట్టింది. పొగరుబోతు దొర గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కమీషన్ వ్యాపారి కొడుకయ్యాడు. అక్కాచెల్లెళ్లు ఆర్టీసీ కండక్టర్ కూతుళ్లయ్యారు. నాట్యాల విందు ఫంక్షన్ హాల్లో సంగీత్ అయింది. తియ్యటి మాటలు చెప్పి పిల్లలను మోసం చేసే సైనికాధికారి కోచింగ్ సెంటర్ లెక్చరర్ అయ్యాడు. కథలో అందరూ అతన్ని కెప్టెన్ సార్ అంటారు. వేలమంది చదువుతున్నారు.

సోమవారం ఆమె మాయమైంది. మంగళవారం ఆమె పేరు మీదనే కొత్త భాగం వచ్చింది. అందులో నాయిక దొరను కాదని, నచ్చినవాడితో నవ్వుకుంటూ ఊరు దాటి వెళ్లిపోతుంది. ఎస్సై దాన్నే సాక్ష్యమన్నాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. వచ్చినవాడు రాఘవేంద్ర. ఎల్బీనగర్‌లో ఏజెన్సీ నడుపుతాడు. కథలోని కెప్టెన్ తమ లెక్చరర్ లాగే ఉన్నాడని విద్యార్థులు గుసగుసలాడటంతో, సెంటర్‌కు చెడ్డపేరు రాకుండా చూడమని యాజమాన్యం అతన్ని పెట్టుకుంది. పిల్ల తనంతట తానే వెళ్లిందన్న రిపోర్టు ఎస్సై బల్ల మీద పెట్టింది అతనే.

"నమస్కారం యాదలక్ష్మి గారూ. మీరు ఇలాంటి కేసులు కూడా చూస్తారా? పెళ్లికొడుకు సిగరెట్ తాగుతాడా లేదా అని పాన్ డబ్బాల దగ్గర ఆరా తియ్యడమే మీ పని అనుకున్నాను."

"నువ్వు జేసేది గూడ గదే పని గద రాఘవేంద్ర. నువ్వు బోర్డు ఇంగ్లీషుల రాయించినవ్. గంతే తేడా."

"పోలీసులు చూసి వెళ్లిన చోటికి మీరు రాకూడదండీ."

"గది కిరాయి కట్టే పిల్ల తాళం తీసింది. కనిపించని పిల్ల తల్లి పక్కన్నే ఉన్నది. నిన్నెవరు పిలిచిన్రో చెప్పు."

రాఘవేంద్ర నవ్వాడు. "లెక్చరర్ సోమవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసులోనే ఉన్నాడు. కెమెరాల్లో ఉంది, ఎస్సై గారు చూశారు. ఇంక ఆ పిల్ల సంగతంటారా, తనే రాసుకుంది కదా. పగలంతా ప్రేమలూ దొరలూ అంటూ ఊహల్లో తేలే పిల్లలు చివరికి చేసేది ఇదే."

"రాసినోళ్లందరు లేచిపోతే ఊళ్లె ఎవ్వరు మిగలరు."

"వెటకారం కాదండీ. ఆ హుజూర్‌నగర్ సంబంధం చెడినప్పుడే పెద్దవాళ్లు జాగ్రత్త పడాల్సింది. అప్పుడు వదిలేసి ఇప్పుడు పోలీసుల మీద పడి ఏడిస్తే ఏం లాభం?"

సైదమ్మ తల ఎత్తి అతన్ని చూసింది. యాదలక్ష్మి అది గమనించింది గాని, ఆమెకు అప్పటికే కోపం నెత్తికెక్కింది. తల్లి ముఖం ముందు నిలబడి ఆ మాట అన్నాడన్నదే ఆమెకు వినిపించింది.

"నువ్వు డిటెక్టివ్‌వా? మంగళవారం భాగం చదివినవా నువ్వు?"

"రెండుసార్లు."

"చదివి ఏం అర్థమైంది? నాయిక ఇల్లు విడిచి పోయే ముందు, పిల్లగాని తల్లి వచ్చి ఆమెకు ఒడిబియ్యం పోసిందని ఉన్నది. ఉన్నదా లేదా?"

"ఉంది. అయితే?"

"పెండ్లి గాని పిల్లకు ఒడిబియ్యం పోస్తరా ఎవరన్న? పెండ్లయిన ఆడబిడ్డ ఒడిల పుట్టింటోళ్లు పోస్తరు ఒడిబియ్యం. అత్తగారోళ్లు పోసుడు గాదు. గీ అరుణజ్యోతే ముందటి భాగంల పెద్దక్కకు తల్లిగారింట్ల ఒడిబియ్యం పోసింది పేజీ నిండా రాసింది. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, కొత్త చీర, ఏదీ విడువలే. అంత తెలిసిన పిల్ల మంగళవారం మర్చిపోతదా? మా నల్లగొండ దిక్కు ఏ ఆడపిల్లనన్న అడుగు, నవ్వుతది."

రాఘవేంద్ర చూపు అలమారా మీదికి పోయింది.

"అంటే ఏంది? ఎవడో పక్కన కూసోని రాయించిండు. వాడు మా దిక్కోడు కాదు, వాడికి ఒడిబియ్యం సంగతి తెల్వది. ఆ పిల్లకు తెలుసు వాడికి తెల్వదని. చదివెటోళ్లకు సమజ్ కావాలని తప్పు రాసింది. ఆ పిల్ల పానంతోని ఉన్నది, ఎవడో పట్టి పెట్టిండు. నువ్వేమో లేచిపోయిందని రిపోర్టు రాసినవ్."

"ఆ భాగం కింద కామెంట్లు కూడా మూసేశారు కదండీ," అంది గడప దగ్గర నుంచి బిందుమాధవి. "అరుణ ఎప్పుడూ ముయ్యదు. ఒక్కో కామెంటుకీ జవాబిచ్చేది."

"చూసినవా? తప్పని ఎవరన్న రాస్తరేమోనని అది గూడ బంద్ చేసిన్రు."

రాఘవేంద్ర ముఖంలో నవ్వు పోయింది. ఫోన్ తీసి ఒకసారి చూసి జేబులో పెట్టుకున్నాడు. "మీ ఆచారాలతో కేసులు తేలవు యాదలక్ష్మి గారూ. ఎస్సై గారితో మాట్లాడతాను," అని వెనక్కి తిరిగాడు. వచ్చినంత నెమ్మదిగా దిగలేదు.

"ఎట్ల ఉరుకుతున్నడో చూడున్రి," అంది యాదలక్ష్మి. గెలిచాననే అనుకుంది.

సైదమ్మ ట్యాంకు దగ్గర నుంచి కదిలి వచ్చింది. "చెల్లె, హుజూర్‌నగర్ సంబంధం ముచ్చట ఆయనకెవరు జెప్పిన్రు?"

"నువ్వు పోలీసోళ్లకు చెప్పలేదా?"

"నేనెందుకు జెప్త? నా అన్నదమ్ములకే జెప్పలే. పిల్లను చూసుకున్నంక, పిల్ల మంచిది కాదని తెలిసిందని వాళ్లు సంబంధం ఇడిసిపెట్టిన్రు. నా ఇంట్ల మాట నేను బయటేసుకుంటనా?" ఆమె గొంతులో ఏడుపు లేదు, మంటే ఉంది. "మంచిది కాదని వాళ్లకు ఎవరు జెప్పిన్రో మాకు తెల్వది. పైసలిస్తే మంచిగ రాస్త, లేకుంటే లేదని ఎవడో ఫోన్ జేసిండని, తిట్టి పెట్టేసిన్నని నా బిడ్డ మొత్తుకున్నది. నేను నమ్మలే. అందుకే మీర్‌పేట్‌ల నా ఇల్లు విడిచి ఈడికొచ్చింది."

సంబంధం సంగతి తెలిసినవాళ్లు కొందరే. తల్లీ కూతుళ్లు. పిల్లాడి తరఫువాళ్లు. వాళ్ల కోసం వాకబు చేసినవాడు.

యాదలక్ష్మి బిందుమాధవి వైపు తిరిగింది. "అరుణ తీసుకున్న ఆ ఇంగ్లీషు నవల నువ్వు చదివినవా?"

"డిగ్రీలో మాకు పాఠమండీ."

"అందుల కెప్టెన్ ఉన్నడా?"

"ఉన్నాడండీ. కాకపోతే సైన్యంలో."

"పొగరు దొర?"

"ఉన్నాడు."

"వాకబు బాబాయ్?"

అరుణజ్యోతి కథలో వాకబు బాబాయ్ అని ఒకడున్నాడు. నిశ్చితార్థానికి ముందు కాలనీలోకి వస్తాడు. ఇరుగుపొరుగు ఇళ్లలో టీలు తాగుతాడు. తర్వాత పిల్ల ఇంటికి ఫోన్ చేసి, రిపోర్టు ఎలా రాయమంటారని అడుగుతాడు. ఇవ్వనన్నవాళ్ల పిల్ల మీద మచ్చ పెట్టి పోతాడు.

బిందుమాధవి ఆలోచించింది. "లేడండీ. ఆ నవలలో అలాంటివాడే లేడు. వాడు పూర్తిగా అరుణ కల్పించినవాడు."

"కల్పించింది కాదమ్మా. మిగతావన్నీ పుస్తకంలకెళ్లి తెచ్చుకున్నది. వీన్ని ఒక్కన్ని బతుకులకెళ్లి తెచ్చుకున్నది."

అందరూ కెప్టెన్ ఎవరా అని వెతికారు. తానూ వెతికింది. ఆ పిల్లకు జరిగింది పాత నవలలో ఉన్న పాత్రల్లో లేదు, అందులో లేని ఈ ఒక్కడిలో ఉంది. మంగళవారం భాగంలో ఇంకొకటి కూడా మారింది. వాకబు బాబాయ్ హఠాత్తుగా మంచివాడయ్యాడు. అతని మీద వచ్చిన మాటలన్నీ అబద్ధాలని నాయిక నలుగురిలో ఒప్పుకుని దండం పెట్టింది. ఊరు విడిచి పోవడం ఎస్సై కోసం రాయించారు. ఆ దండం రాఘవేంద్ర తన కోసం రాయించుకున్నాడు.

ఆమె ఫోన్‌లో ఆ భాగం తెరిచింది. పైనుంచి కింది దాకా చదివింది. మళ్లీ చదివింది.

ఒడిబియ్యం లేదు. ఆ చోట 'పిల్లాడి తల్లి ఆమె నుదుట బొట్టు పెట్టి పంపింది' అని ఉంది. భాగం పేరు కింద 'ఇప్పుడే మార్చబడింది' అన్న గీత కనిపిస్తోంది. అడుగున కొత్తగా ఒక వాక్యం చేరింది: 'ఈ కథకు ముగింపు ఈ సాయంత్రమే.'

"ఏమైంది చెల్లె?"

యాదలక్ష్మి మెట్ల వైపు చూసింది. ఆ తప్పు గురించి తాను నోరు విప్పింది ఈ డాబా మీదే. విన్నది ముగ్గురు. ఇద్దరు తన ఎదుట ఉన్నారు. ఆ పిల్ల ప్రాణానికి తెగించి చాటుగా పంపిన కబురును తాను కోపంలో తీసుకెళ్లి పట్టినవాడి చేతిలోనే పెట్టింది. ఆ పిల్ల తప్పు కావాలనే రాసిందని ఇప్పుడు వాడికి తెలుసు.

"పాండి. కిందికి పాండి," అని ఆమె మెట్ల వైపు పరుగెత్తింది.

మెట్ల అడుగున ఇనుప గ్రిల్ తలుపు వేసి ఉంది. ఇంటివాళ్లు తిరుపతి వెళ్తూ గొళ్లేనికి తగిలించి పోయిన తాళం ఇప్పుడు బయటి నుంచి బిగిసి ఉంది. యాదలక్ష్మి గ్రిల్ పట్టుకుని ఊపింది. కేకలు వేసింది. కింది వాటాలవాళ్లంతా ఆఫీసులకు పోయారు. గల్లీలో రాఘవేంద్ర బైక్ స్టార్ట్ చేసి దూరమయ్యాడు; గ్రిల్ సందులోంచి దాని నంబర్ మాత్రం ఆమెకు కనిపించింది.

ఆమె ఎస్సైకి ఫోన్ చేసింది.

"చెప్పు మేడం," అన్నాడు భిక్షపతి. "రాఘవేంద్ర సార్ ఇప్పుడే చెప్పిండు. గదిల వస్తువులు కదిలిస్తున్నరట గదా మీరు. సార్‌ను చూసి తిట్టిన్రట. మా కానిస్టేబుల్ వస్తడు, అక్కడనే ఉండున్రి."

"సార్, పిల్లను పట్టి పెట్టింది వాడే. వాడు ఇప్పుడు ఆమె కాడికే పోతున్నడు. బైక్ నంబర్ చెప్త, ఆపున్రి. సాయంత్రం దాటితే పిల్ల దక్కదు."

"కథలు రాసేది ఆ పిల్లనా, నువ్వా?"

"భిక్షపతీ! రేపు ఆ పిల్ల పీనుగ దొరికితే నీ పేరు మీద నేనే కంప్లెయింట్ రాస్త. నవ్విన కానిస్టేబుల్ పేరు గూడ రాస్త. బైక్ ఆపుతవా, ఆపవా?"

అవతల నవ్వు ఆగింది. "నంబర్ చెప్పు," అన్నాడు భిక్షపతి.

ఆమె నంబర్ చెబుతుండగానే వెనక నుంచి ఎవరో భుజంతో పక్కకు తోశారు. సైదమ్మ. డాబా మీది బట్టలుతికే బండ పక్కనుండే రాయిని రెండు చేతులతో ఎత్తుకుని మెట్లు దిగి వచ్చింది. గ్రిల్ సందులోంచి చేతులు బయటికి పెట్టి తాళం మీద కొట్టింది. తాళం కదల్లేదు. వేళ్లు చిట్లాయి.

"అక్కా, నేను కొడ్త, ఇటియ్యి..."

"జరుగు," అంది సైదమ్మ. మళ్లీ ఎత్తింది.